సగం తయారైన బండిని పొదుపు కింద రాసుకోకండి

ప్రశ్న: నా వయసు 33 ఏళ్లు. ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇంటికి నా జీతమే ఆధారం. భార్య, నాలుగేళ్ల పాప, నాన్న నాతోనే ఉంటారు. ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటి వెనక షెడ్‌లో సొంతంగా మోటార్‌సైకిల్ తయారు చేసుకుంటున్నాను. ఇంజిన్, చక్రాలు, ఫోర్కులు పాత బండ్లవి కొన్నాను. మిత్రుడి వెల్డింగ్ సెట్ తెచ్చుకుని ఫ్రేము సగం పూర్తి చేశాను. ఇప్పటిదాకా 4 నెలల జీతం ఖర్చయింది. ఇక వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్, ముందు ఫోర్కులను పట్టి ఉంచే క్లాంపులు, ఇంజిన్ బ్రాకెట్లు, ఫుట్‌రెస్టులు చేయాలి. బయట చేయిస్తే ఒక్కో ముక్కకూ చాలా అడుగుతున్నారు. అందుకే చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కేది), మిల్లింగ్ మెషీన్ (తిరిగే కట్టర్‌తో చెక్కేది), టిగ్ వెల్డింగ్ సెట్ (ఆర్గాన్ వాయువు వాడి అతికించేది) నేనే కొనేద్దామనుకుంటున్నాను. మూడూ కలిపి 6 నెలల జీతం అవుతుంది. సగం క్రెడిట్ కార్డు మీద, సగం పర్సనల్ లోన్ తీసుకుని కొనాలని ఆలోచన. లోన్‌కు 3 ఏళ్లకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అన్నారు. లేత్‌కు అడ్వాన్స్ కూడా ఇచ్చాను. తర్వాత తెలిసినవాళ్ల బండ్లకు పార్టులు చేసిపెట్టి అప్పు తీర్చేస్తాను. నెలకు జీతంలో 25 శాతం మిగులుతుంది. చేతిలో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బుంది. కార్డు, లోన్ కలిపి తీసుకోవాలా, మొత్తం లోన్‌గానే తీసుకోవాలా, లేక రిటైర్మెంట్ డబ్బులోంచి కొంత తీయాలా? – ఒక పాఠకుడు

జవాబు: మూడింటిలో ఏదీ వద్దు. గొట్టాలు వంచి, అతికించి, ఫ్రేము నిలబెట్టగలిగే పనితనం మీ చేతుల్లో ఉంది. ఆ పని మానేయమని నేను అనడం లేదు. కానీ మీ ఇంట్లో నలుగురూ తినేది ఆ చేతుల సంపాదనే. మీరు ఉత్తరంతో పాటు పంపిన ఆస్తుల పట్టిక చూశాక, ఈ జవాబు మీ ఒక్కరికే రాసి ఊరుకోకూడదనిపించింది. అంకెలన్నీ నెల జీతాల లెక్కలోకి మార్చాను, ఎవరైనా తమ జీతంతో పోల్చి చూసుకోవచ్చు.

ఆ పట్టికలో ఒక వరుస ఇలా ఉంది: 'తయారీలో ఉన్న బండి – 4 నెలల జీతం'. దాన్ని చేతిలో ఉన్న డబ్బుతో కలిపి, దాదాపు 5 నెలలకు సరిపడా వెనకేసుకున్నానని కింద మొత్తం వేశారు. చేత్తో ఏదైనా కట్టుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇది. పెట్టిన ఖర్చునే దాని విలువ అనుకుంటారు. రేపు డబ్బు అవసరమై ఆ బండిని అమ్మకానికి పెట్టారనుకోండి. ఇంజిన్ విడిగా అమ్ముడుపోతుంది, చక్రాలూ పోవచ్చు. ఫ్రేము మాత్రం మీ ఇంజిన్ కొలతలకు, మీ ఎత్తుకు, మీరు ఎంచుకున్న ఫోర్కు కోణానికి తగ్గట్టు కట్టినది. బ్రాకెట్‌లో రంధ్రాల మధ్య దూరం ఆ ఒక్క ఇంజిన్‌కే కుదురుతుంది. ఇంకా కాగితాలు కూడా లేని సగం బండిని కొనడానికి వచ్చినవాడు తుక్కు బరువు చూసి బేరమాడతాడు. పైగా డబ్బు అర్జెంటుగా కావాలని మీ ముఖం చూస్తేనే అతనికి తెలిసిపోతుంది.

కాబట్టి ఆ వరుస కొట్టేయండి. ఒకే ఒక్క జీతం, దాని మీద బతికే మనుషులు నలుగురు, చేతిలో ఒక్క నెల ఖర్చు. మీ అసలు పరిస్థితి ఇది.

ఒకే సంపాదన ఉన్న ఇంటికి 6 నెలల ఖర్చు అత్యవసర నిధిగా ఉండాలని ఎప్పుడూ చెబుతుంటాను. మీకు మాత్రం 9 నెలలు ఉండాలంటాను. ఎందుకంటే మీరు జీతం సంపాదించేదీ, బండి కట్టేదీ ఆ రెండు చేతులతోనే. చిన్న యాంగిల్ గ్రైండర్ డిస్కు నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. ఇరుకు మూలలో కోయడానికి అడ్డొస్తోందని గార్డు తీసేస్తారు. కోత మధ్యలో డిస్కు బిగుసుకుంటే గ్రైండర్ వెనక్కి తన్నుతుంది. డ్రిల్లింగ్ కూడా అంతే. పలుచటి బ్రాకెట్‌ను వైస్‌లో బిగించకుండా చేత్తో పట్టుకుని రంధ్రం వేస్తుంటే, బిట్టు కింది వైపు బయటపడే క్షణంలో రేకును పట్టేసుకుంటుంది. అప్పుడు ఆ ముక్క చేతిలో కత్తిలా గిర్రున తిరుగుతుంది. ఇవన్నీ మీకు తెలుసు, నాకంటే బాగా తెలుసు. అయితే వాటిని ఎప్పుడైనా నెలల లెక్కలో చూశారా? వేలిని వంచే స్నాయువు తెగితే, కుట్లు వేశాక ఆ చెయ్యి మళ్లీ బరువు పనికి పనికిరావడానికి సుమారు 3 నెలలు పడుతుంది. ఎలక్ట్రీషియన్ ఆ 3 నెలలూ ఏ పని చేస్తాడు? ఆస్పత్రి బిల్లు కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ కడుతుందనుకుందాం. పాప ఫీజు, నాన్న మందులు, ఇంటి అద్దె ఆ పాలసీ కట్టదు. జీతం ఆగిన నెలల్లో ఇల్లు నడిపేది అత్యవసర నిధి ఒక్కటే.

ఇప్పుడు మీ అప్పు ప్లాన్ చూద్దాం. ఇది చదివినప్పుడు నిజంగానే కోపం వచ్చింది. 12 శాతం ఫ్లాట్ వడ్డీ అని చెప్పగానే 12 శాతమే అనుకున్నారు. 100 అప్పు తీసుకుంటే 3 ఏళ్లకు 36 వడ్డీ కలిపి 136ను 36 వాయిదాల్లో కడతారు. నెలనెలా అసలు తగ్గుతున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు అసలు మీదే వేస్తూ పోతారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి సుమారు 21 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. కార్డు సంగతి ఇంకా ఘోరం. ఒక్క నెల చెయ్యి ఆడక ఈఎంఐ తప్పి, బాకీ నెలకు 3 శాతం వడ్డీలో పడిందనుకోండి. మినిమమ్ అంటూ 5 శాతం చొప్పున కట్టుకుంటూ పోతే, 100 బాకీకి ఏడాదిలో దాదాపు 55 కట్టాక కూడా ఇంకా 77 మిగిలే ఉంటుంది. మెషీన్ మీద అప్పు చేయడమే తొందరపాటు. ఒక నెల ఖర్చు మాత్రమే చేతిలో పెట్టుకుని, రెండు చోట్ల అప్పు చేయడం మీ పాపకు అన్యాయం.

ఇంకో లెక్క కూడా వేసి చూశాను. 6 నెలల జీతమంత అప్పును ఆ 12 శాతం ఫ్లాట్ వడ్డీకి 3 ఏళ్లకు తీసుకుంటే, వాయిదా మీ జీతంలో దాదాపు 23 శాతం. మీకు మిగిలేది 25 శాతం. అంటే 36 నెలలు గడిచినా మీ అత్యవసర నిధి దాదాపు రెండు నెలల ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. సరిగ్గా ఆ 36 నెలలే మీరు కొత్త మెషీన్ల దగ్గర పని నేర్చుకుంటూ ఉంటారు. ప్రమాదం ఎక్కువగా ఉండే కాలంలోనే చేతిలో సరిపడా డబ్బు ఉండదన్నమాట.

పైగా ఖర్చు 6 నెలల జీతంతో ఆగదు. లేత్, మిల్లింగ్ మెషీన్ల ధర ఎంతో, వాటి చుట్టూ కావాల్సిన సామాను ధర కూడా దాదాపు అంతే అవుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు ముందే చెబుతారు. ముక్కను బిగించే చక్, వైస్, కోసే ఎండ్ మిల్లులు, వాటిని పట్టే కాలెట్లు, కొలిచే మైక్రోమీటర్, డయల్ గేజి కావాలి. టిగ్‌కు ఆర్గాన్ సిలిండర్, రెగ్యులేటర్, టంగ్‌స్టన్, ఫిల్లర్ రాడ్లు, మంచి హెల్మెట్ కావాలి. మీరు పంపిన కొటేషన్‌లో ఇవేవీ లేవు. అప్పుతో తెచ్చిన మెషీన్ పక్కన, బిట్లకు డబ్బుల్లేక మళ్లీ కార్డు గీకడం నేను చాలామంది దగ్గర చూశాను.

తెలిసినవాళ్లకు పార్టులు చేసి అప్పు తీరుస్తానన్నారు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఎంతమంది? మీ ఉత్తరంలో ఒక్కరి ప్రస్తావన కూడా లేదు. ఈఎంఐ వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఇంకొకరి బండికి నమ్మకంగా బిగించదగ్గ పార్టు మీ లేత్ నుంచి రావడానికి చాలా నెలలు పడుతుంది. అంతకంటే పెద్ద సమస్య బాధ్యత. మీరు చేసిచ్చిన ఫోర్కు క్లాంపు వేరేవాళ్ల బండి మీద, వేగంలో ఉన్నప్పుడు పగిలితే ఆ నష్టపరిహారం మీ మెడకు చుట్టుకుంటుంది. ఇంటి బీమా, బండి బీమా లాంటి వ్యక్తిగత పాలసీలు సాధారణంగా ఇలాంటి వ్యాపార పనిని కవర్ చేయవు. షెడ్‌లో వ్యాపారం నడుస్తోందని తెలిస్తే ఇంటి బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడవచ్చు. స్నేహానికి చేసిపెట్టినా, డబ్బు తీసుకుని చేసినా, తొక్కితే బరువు మోసే పార్టు, తిప్పితే దిశ మార్చే పార్టు, నొక్కితే ఆపే పార్టు ఇంకొకరికి చేసివ్వకండి.

లేత్‌కు ఇచ్చిన అడ్వాన్స్ నెలాఖరులోపు అడిగితే తిరిగిస్తారని రసీదులో ఉంది. వెంటనే వెనక్కి తీసుకోండి.

మరి బండి సంగతేంటి? మీ పార్టుల జాబితాను మూడు భాగాలు చేశాను. ఇంజిన్ బ్రాకెట్లు, ఫుట్‌రెస్టు ప్లేట్లు, సీటు కింది ట్యాబులు లాంటివి చదునైన ముక్కలు. ముందు అట్టముక్క కోసి బండి మీద పెట్టి చూసుకోండి. కుదిరాక కొలతలు కంప్యూటర్‌లో గీసి, లేజర్ కటింగ్‌కు ఇవ్వండి. కొలత ముఖ్యమైన రంధ్రాలను కాస్త చిన్నవిగా కోయించి, ఇంట్లో డ్రిల్లుతో సరైన సైజుకు తెచ్చుకోండి. ఇరుసు, స్పేసర్లు, బుష్‌లు లేత్ పని. అన్నీ కలిపినా కొన్ని గంటల పనే కాబట్టి టర్నర్ దగ్గర చేయించుకోండి. ముక్కకు చాలా అడుగుతున్నారని రాశారు కదా. ఒక్కటే ముక్క చేయించినప్పుడు మీరు కట్టేదాంట్లో పెద్ద భాగం మెషీన్ సెట్ చేసినందుకే పోతుంది. ఒక్కోటి తీసుకెళ్లకుండా డ్రాయింగులన్నీ పూర్తయ్యాక ఒకేసారి ఇవ్వండి, ధరలో తేడా మీకే తెలుస్తుంది. డ్రాయింగ్ దశలో తప్పు జరిగితే కాగితమే పోతుంది.

స్వింగ్ ఆర్మ్, ఫోర్కు క్లాంపులు మాత్రం ఆ పనిలో అనుభవం ఉన్నవాళ్లతోనే చేయించండి. మీ నోట్స్‌లో స్వింగ్ ఆర్మ్‌కు 6061-టీ6 (హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరిచిన) అల్యూమినియం అని రాశారు. ఆ లోహాన్ని అతికిస్తే, అతుకు ఎంత అందంగా ఉన్నా దాని పక్కన వేడి తగిలిన భాగంలో బలం దాదాపు సగానికి పడిపోతుంది. మళ్లీ సరైన హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేనే తిరిగి వస్తుంది. ఇంట్లో టిగ్ సెట్ ఉన్నంత మాత్రాన ఆ పని అవదు. అలాంటి చోట బయట ఇచ్చే డబ్బును వృథా అనుకోకండి, అది కూడా నాకు బీమా ప్రీమియం లాంటిదే.

డబ్బు విషయంలో మీరు చేయాల్సింది ఇది. మిగిలే 25 శాతం మొత్తాన్ని 6 నెలల పాటు అత్యవసర నిధిలోనే వేయండి. మీ ఖర్చు జీతంలో 75 శాతం కాబట్టి, ఇప్పుడున్న ఒక నెలతో కలిపి 6 నెలలకల్లా 3 నెలల ఖర్చు ఉంటుంది. ఆ 6 నెలలూ బండి మీద అట్టముక్కలు, కొలతలు, డ్రాయింగుల పని మాత్రమే చేయండి. తర్వాత 25లో 20 నిధికి, 5 బండికి వాడండి. ఇంకో 23 నెలలకు నిధి 9 నెలల ఖర్చుకు చేరుతుంది. మొత్తం 29 నెలలు. మీరు అనుకున్న అప్పు తీరడానికి 36 నెలలు పడుతుందని గుర్తుంచుకోండి. టిగ్ సెట్ తప్పదనుకుంటే ఆ 5 శాతం కూడబెట్టి, రొక్కం ఇచ్చి కొనుక్కోండి. లేత్, మిల్లింగ్ మెషీన్ ఊసు ఆ తర్వాతే.

బీమా మాత్రం నిధి నిండేదాకా ఆగకూడదు. మొదటి నెలలోనే సొంత హెల్త్ పాలసీ తీసుకోండి, కంపెనీది ఉద్యోగంతో పాటే పోతుంది. మీ పేరు మీద టర్మ్ పాలసీ లేదు, అది ఇంకా ముందు తీసుకోవాలి. ప్రమాద బీమా తీసుకునేటప్పుడు మరణానికి ఎంత ఇస్తారని చూసి ఊరుకోవద్దు. తాత్కాలికంగా పనిచేయలేని వారాలకు డబ్బిస్తారా, ఒక వేలు పోతే ఎంత శాతం ఇస్తారు అన్నవి చదవండి. ఇంట్లో వెల్డింగ్, గ్రైండింగ్ చేస్తానని దరఖాస్తులో తప్పక రాయండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున చేతికి రాకపోవచ్చు. ఈ ప్రీమియాల వల్ల పై లెక్క కొన్ని నెలలు అటూఇటూ అవుతుంది, పర్లేదు.

రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దు.

చివరిగా ఒక పని. ఫ్రేముకు ఇంకో అతుకు వేసేముందు రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్లి, సొంతంగా కట్టిన బండిని రోడ్డెక్కించడానికి ఏయే తనిఖీలు, ఏయే పత్రాలు కావాలో రాతపూర్వకంగా అడగండి. అనుమతి లేని బండితో ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది, అప్పుడు మొత్తం పరిహారం మీరే కట్టాలి. ఇంజిన్, ఫోర్కులు కొన్న రసీదులు, వాటి నంబర్లు, ఫ్రేము గొట్టాల కొనుగోలు బిల్లులు, అతుకుల ఫొటోలు ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టండి. రసీదు లేకుండా కొన్న ఇంజిన్ అయితే, అమ్మినవాడు దొరుకుతున్నప్పుడే కాగితం రాయించుకోండి.