జర్మన్ గ్యాస్ సిలిండర్లతో స్పెయిన్, పోర్చుగల్ దాకా మోటర్‌హోమ్‌లో వెళ్ళొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఎల్టర్న్‌జైట్ (పిల్లల్ని చూసుకోవడానికి జర్మనీలో తల్లిదండ్రులకిచ్చే) సెలవులో భార్యాభర్తలిద్దరూ పాపని తీసుకుని, సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్‌లో జనవరిలో స్టుట్‌గార్ట్ నుంచి బయలుదేరి ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్ తిరిగి, ఇటలీ మీదుగా మూడు నెలల్లో వెనక్కి రావాలి. బండిలో 11 కిలోల బూడిదరంగు సిలిండర్లు రెండున్నాయి. అవి అయిపోతే దారిలో ఎక్కడ మార్చుకోవాలి?

ఆ దేశాల్లో మార్చుకోలేరండీ. బూడిదరంగు సిలిండర్ జర్మనీలో ఏ బౌమార్క్ట్‌లో (ఇంటి మరమ్మతు సామాన్లమ్మే పెద్ద దుకాణంలో) ఇచ్చినా నిండుది ఇస్తారు గానీ, ఫ్రాన్స్‌లోనో స్పెయిన్‌లోనో దాన్ని ఎవరూ తీసుకోరు. ఏ దేశం సిలిండర్ ఆ దేశానిదే. డిపాజిట్ వేరు, వాల్వ్ వేరు. స్పెయిన్‌లో ఎక్కడ చూసినా కనిపించే నారింజరంగు సిలిండర్ 12.5 కిలోల బ్యూటేన్. అది తీసుకోవాలంటే పద్ధతి ప్రకారం మన ఊళ్ళో గ్యాస్ కనెక్షన్‌లాగే కాంట్రాక్టు ఉండాలి. కొన్ని రోజులుండి వెళ్ళిపోయేవాళ్ళకి ఆ తతంగమంతా దండగ. జర్మనీలో దొరికే యూరప్ అడాప్టర్ సెట్టు కొనుక్కుంటే పరాయి సిలిండర్‌ని మీ రెగ్యులేటర్‌కి తగిలించొచ్చు. కానీ ముందు ఆ సిలిండర్ చేతికి రావాలి కదా.

సిలిండర్ల వేట మొదలుపెట్టే ముందు గ్యాస్ ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. మనవాళ్ళందరూ వంట గురించి కంగారు పడతారు. పప్పు కుక్కర్, అన్నం, పోపు, సాయంత్రం టీ అన్నీ కలిపి రోజుకి రెండు గంటలు ఒక బర్నర్ వెలిగిందనుకున్నా పావుకిలో గ్యాస్ కూడా దాటదు. గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ రోజుకి ఇంకో 300 గ్రాములు లాగుతుంది. ఈ రెండూ మాత్రమే అయితే 11 కిలోల సిలిండర్ సుమారు 20 రోజులొస్తుంది. అసలు మింగేది హీటర్. ఎక్కువ బండ్లలో ఉండే ట్రూమా కాంబి 4 గంటకి 160 నుంచి 320 గ్రాములు తాగుతుంది, కాంబి 6 అయితే 480 దాకా పోతుంది. జనవరి రాత్రి ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర బయట సున్నా డిగ్రీలుంటే, పాప ఉంది కాబట్టి మీరు హీటర్ ఆపలేరు. అలాంటప్పుడు సిలిండర్ మూడు నాలుగు రోజుల్లో ఖాళీ. కాబట్టి మీ ప్రయాణంలో గ్యాస్ సమస్య మొదటి పది రోజుల్లోనే, చలి ప్రాంతం దాటేదాకానే ఎక్కువ. వాలెన్సియా దాటి దక్షిణానికి దిగాక టెన్షన్ సగం తగ్గుతుంది.

బండి ఇంకా కొనకపోతే డీజిల్ హీటర్ ఉన్నది చూడండి. ఒక్క ఈ మాట వింటే నేను కింద రాసేదంతా మీకు సగం అనవసరం. వేడి డీజిల్ ట్యాంకు నుంచి వస్తుంది, గ్యాస్ వంటకీ ఫ్రిజ్‌కీ మిగులుతుంది.

గ్యాస్ హీటరే ఉంటే మేము చేసిన ఏర్పాటు చెప్తాను. రెండు సిలిండర్లలో ఒకటి తీసేసి దాని చోట ఆటోగ్యాస్ (కార్లకి పోసే ఎల్‌పీజీ) బంకులో నింపుకునే సిలిండర్ పెట్టించాం. జర్మనీలో దీన్ని టాంక్‌ఫ్లాష్ అంటారు, అలుగాస్ (Alugas), గ్యాస్‌లో (Gaslow) లాంటి కంపెనీలవి దొరుకుతాయి. 80 శాతం నిండగానే దానంతటదే ఆగిపోయే వాల్వ్ లోపలే ఉంటుంది. దాన్ని బండికి గట్టిగా బిగించి, నింపే మూతిని బండి బయటివైపు పెట్టించుకోండి. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ పీనాసితనం వద్దు. ఎందుకంటే తలుపు తెరిచి సిలిండర్ చూపిస్తే కొన్ని బంకుల్లో నింపనివ్వరు. ఫ్రాన్స్‌లో ఒక చోట మా ముందున్న బండిని అలాగే పంపేశారు. బయట మూతి ఉంటే మామూలుగా ఎవరూ ఏమీ అడగరు. రెండో బూడిదరంగు సిలిండర్ అలాగే ఉంచండి. డ్యుయోకంట్రోల్ లాంటి ఆటోమేటిక్ మార్పిడి రెగ్యులేటర్ ఉంటే అర్ధరాత్రి ఒకటి అయిపోయినా రెండోది దానంతటదే అందుకుంటుంది.

మామూలు బూడిదరంగు సిలిండర్‌నే అడాప్టర్ పెట్టి ఆటోగ్యాస్ బంకులో నింపేవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. అందులో 80 శాతం దగ్గర ఆపే వాల్వ్ లేదు. నిండా పట్టించిన సిలిండర్ ఎండకి వేడెక్కితే లోపల ద్రవం వ్యాకోచించడానికి చోటే ఉండదు.

బంకులో నాజిల్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. జర్మనీలో ఆక్మె, ఫ్రాన్స్, ఇటలీలో డిష్, స్పెయిన్‌లో యూరోనాజిల్, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో బయోనెట్. నాలుగు అడాప్టర్ల సెట్టు గ్లవ్ బాక్సులో పడి ఉంటే చాలు. ఆటోగ్యాస్‌కి ఫ్రాన్స్, ఇటలీ బోర్డుల మీద జీపీఎల్ అనీ, స్పెయిన్‌లో జీఎల్‌పీ అనీ ఉంటుంది. బంకులు ఎక్కడున్నాయో మైఎల్‌పీజీ డాట్ ఈయూ చూపిస్తుంది. నింపేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, నాజిల్ విప్పేటప్పుడు బుస్సున వచ్చే కాస్త గ్యాస్ చర్మాన్ని గడ్డకట్టించేంత చల్లగా ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే గ్యాస్ పడుతుంది. ఇటలీలో చాలాచోట్ల సిబ్బందే నింపుతారు, మధ్యాహ్నం భోజనవేళ మూసేస్తారు, ఆదివారం నమ్ముకోవద్దు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. ఆటోగ్యాస్ ఈ రెండింటి మిశ్రమం. వేడి ప్రాంతాల్లో అందులో బ్యూటేన్ పాలు ఎక్కువ. పైగా సిలిండర్‌లో ప్రొపేన్ ముందు ఆవిరైపోయి, అడుగున బ్యూటేన్ మిగులుతూ వస్తుంది. అందుకే అండలూసియాలో నింపుకుని, తిరుగు దారిలో ఆల్ప్స్ ఎక్కాక రాత్రి హీటర్ ఆరిపోతే సిలిండర్‌లో గ్యాస్ లేదనుకోవద్దు. మిలాన్ ప్రాంతంలో, కొండలెక్కే ముందు, మళ్ళీ నింపుకోండి. ఆ బూడిదరంగు సిలిండర్‌లో ఉన్నది దాదాపు అంతా ప్రొపేనే, దాన్ని ఆ రోజుల కోసం దాచిపెట్టడం మంచిది. ఆటోగ్యాస్‌లో నూనె జిడ్డు కూడా ఉంటుంది, రెగ్యులేటర్ ముందు ఫిల్టర్ వేయించండి.

అత్యవసరానికి క్యాంపింగాజ్ నీలం సిలిండర్ చాలా దేశాల్లో దొరుకుతుంది. కానీ పెద్దది 907లో కూడా ఉండేది 2.75 కిలోల బ్యూటేనే, కిలో లెక్కన చూస్తే ధర గుండె గుభేలుమనిపిస్తుంది. వంటకి సరే, హీటర్‌కి కాదు.

క్యాంప్‌సైట్‌లో కరెంటు ఉంటే ఫ్రిజ్‌ని దాని మీదకి మార్చేయండి. మీ హీటర్ ఎలక్ట్రిక్ రకమైతే అదీ కరెంటు మీద నడుస్తుంది. స్పెయిన్‌లో చాలాచోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే 1380 వాట్లు. 900 వాట్ల దగ్గర హీటర్ నడుస్తుంది. పక్కనే ఇండక్షన్ స్టవ్ పెట్టారో, ఫ్యూజు పోతుంది.

గ్యాస్ ఎంతుందో చూడటానికి మన ఇళ్ళల్లో చేసే తడిగుడ్డ పద్ధతి అల్యూమినియం సిలిండర్ మీద కూడా పనిచేస్తుంది, కానీ గేజ్ ఉన్న సిలిండరే కొనుక్కోండి. ఇండియా నుంచి తెచ్చిన గ్యాస్ స్టవ్ మాత్రం బండిలో పెట్టొద్దు. మంట ఆరితే గ్యాస్ ఆపే ఏర్పాటు మన స్టవ్‌లలో ఎక్కువగా ఉండదు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలకి దిగుతుంది. గ్యాస్ లీకు అలారం పాప పడుకునే ఎత్తుకి కాక నేల దగ్గర పెట్టించండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వేరే అలారం కావాలి. కుక్కర్ పెట్టినప్పుడు పైకిటికీ తెరవడం ఎంత చలైనా మానొద్దు.

బయలుదేరే ముందు జీ 607 గ్యాస్ తనిఖీ చేయించారా? రెండేళ్ళకోసారి చేయించాలి, 2025 జూన్ నుంచి జర్మనీలో ఇది తప్పనిసరి. పాత బండి కాబట్టి రెగ్యులేటర్, రబ్బరు పైపుల మీద తయారీ సంవత్సరం చూడండి, పదేళ్ళు దాటితే మార్చేయాలి. కొత్త సిలిండర్ బిగించే పని కూడా తనిఖీకి ముందే అయిపోతే ఒకేసారి రాయించుకోవచ్చు.

మీ హీటర్ మోడల్, సిలిండర్లు పెట్టే అర లోపలి కొలతలు పంపండి. పాత బండ్లలో కొన్నిటికి 11 కిలోల టాంక్‌ఫ్లాష్ పట్టదు. మీ దానికి ఏది సరిపోతుందో చూసి చెప్తాను.