గుండె అరవై శాతమే పనిచేస్తోందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. ఈమధ్య గుండెకు టూడీ ఎకో (స్కానింగ్) తీయిస్తే 'ఈఎఫ్ 60 శాతం, గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్' అని వచ్చింది. గుండె అరవై శాతమే పనిచేస్తోందని, మిగతా నలభై దెబ్బతిందని బంధువులు అనేసరికి ఆయన పొద్దున్నే పార్కుకు వెళ్లడం మానేశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన నడవొచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు నాన్నగారికి ఈ మాట చెప్పండమ్మా, ఈఎఫ్ 60 అంటే నార్మల్. ఇవి పరీక్ష మార్కులు కావు, వందకు వంద ఎవరికీ రావు. ఒళ్లంతటికీ రక్తం పంపేది గుండెలోని ఎడమ కింది గది. అది నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి, ఒకసారి ముడుచుకుంటే 70 దాకా బయటికి వెళ్తుంది, మిగతాది లోపలే ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికైనా అంతే. ఆ బయటికి వెళ్లిన వాటానే ఈఎఫ్. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టే, 40కి దిగితే పంపింగ్ బాగా తగ్గిందంటాం. 'మిగతా నలభై ఏమైంది డాక్టర్' అని ఓపీలో తరచూ అడుగుతుంటారు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెబితే తీరిపోయే భయం ఇది, చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పే.

ఇక గ్రేడ్ 1 సంగతి. రక్తం పంపాక గుండె మళ్లీ వదులై నిండాలి కదా, ఆ వదులవడం కాస్త నెమ్మదించిందని అర్థం. ఆ వయసులో, అందులోనూ బీపీ ఉన్నవాళ్లలో ఇది చాలా మామూలు. బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడమే ముఖ్యం.

అసలు ఎకో ఎందుకు తీయించారో మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే. ఎందుకంటే పడుకోబెట్టి తీసే ఎకోలో గుండె గోడలు, కవాటాలు ఎలా కదులుతున్నాయో తెలుస్తుంది కానీ రక్తనాళాల్లో బ్లాకులు కనిపించవు. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టున్నా, ఆయాసం వస్తున్నా ముందు కార్డియాలజిస్టుకు చూపించండి, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే టీఎంటీ లాంటి పరీక్ష అవసరమో కాదో చెబుతారు. అవేమీ లేకపోతే రేపటి నుంచే నడవమనండి.

ప్రశ్న: ఒక చోట ఈఎఫ్ 50 వచ్చింది, నెలకి ఇంకో చోట 55. ఏది నిజం?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ నిజమే కావచ్చు. తెర మీద గుండె గది అంచు గీసి, లేదా కంటితో చూసి అంచనా వేస్తారు కాబట్టి అయిదు అటూ ఇటూ అవుతుంది. ఈసారి పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి, వీలైతే ఒకేచోట తీయించుకోండి.