కార్పల్ టన్నెల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ విండ్‌సర్ఫింగ్ ఎప్పుడు?

కుడిచేతికి ఆపరేషన్ అయి నెల దాటింది, కుట్లు తీసేశారు, వానాకాలపు గాలి మొదలవగానే హుస్సేన్ సాగర్‌లో బోర్డు ఎక్కొచ్చా అని అడిగారు. ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిదంటాను.

ఈ ఆపరేషన్‌లో మణికట్టు దగ్గర నరాన్ని నొక్కుతున్న లిగమెంట్‌ను (ఎముకలను కలిపే గట్టి పట్టీని) కోస్తారు. పైచర్మం రెండు వారాల్లో అతుక్కున్నా, లోపల కుదురుకోవడానికి చాలా వారాలు పడుతుంది. అందుకే తిమ్మిరి పోయినా పట్టు వెంటనే రాదు. సాధారణంగా 3 నెలలు, కొందరికి 6 నెలలు. అరచేతి మొదట్లో నొక్కితే నొప్పి అప్పటిదాకా ఉండొచ్చు, దానికి టెన్షన్ వద్దు.

విండ్‌సర్ఫింగ్‌లో అసలు చిక్కు బూమ్‌తోనే, అంటే సెయిల్‌ను (తెరచాపను) పట్టుకునే అడ్డ కడ్డీతోనే. చేతులతోనే సెయిల్‌ను ఆపాలని చూస్తే మణికట్టు వంగి, పిడికిలి బిగుసుకుంటుంది. కోలుకుంటున్న చేతికి ఇదే చెడ్డ భంగిమ. హార్నెస్ (ఒంటికి కట్టుకుని బూమ్‌కు తగిలించే పట్టీ) కట్టుకుంటే బరువు నడుము మీదికి పోతుంది, వేళ్లు బూమ్‌కి కొక్కెంలా తగిలిస్తే చాలు. సన్నటి బూమ్, చిన్న సెయిల్, తేలికపాటి గాలి ఎంచుకోండి. నీళ్లలో పడ్డ సెయిల్‌ను తాడుతో లాగేటప్పుడు చేతులతో కాదు, మోకాళ్లు వంచి ఒంటి బరువుతో లాగాలి. కొత్తలో అందరూ తరచూ పడతారు కాబట్టి ఈ లాగుడే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

హుస్సేన్ సాగర్ నీళ్ల సంగతి తెలిసిందే కదా, గాయం పూర్తిగా మానందే దిగొద్దు. దిగాక ఆ రాత్రి వేళ్లు మళ్లీ తిమ్మిరెక్కితే ఆపేసి సర్జన్‌కు చూపించండి.