'క్యాష్ బయ్యర్స్ ఓన్లీ' అంటే ఏంటి పిన్నీ?

సంక్రాంతికి ఇంగ్లండ్ నుంచి ఒడిశాలోని మా బరంపురం వెళ్లాను. పండగ మర్నాడు మధ్యాహ్నం, అందరూ అరిసెలు తిని ఆవలిస్తున్న వేళ, మా అక్క కూతురు ఫోన్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఇంగ్లండ్‌లో నార్ఫోక్ తీరం. రెండు పడగ్గదుల బంగళా, కిటికీలోంచి సముద్రం, ముందు పచ్చగడ్డి. ధర చూస్తే ఆ జిల్లాలో మామూలు ఇంటికి పెట్టేదాంట్లో సగం కూడా లేదు. అల్లుడికి అక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది, మార్చిలో ప్రయాణం. ఇక్కడి స్థలం అమ్మేసి అక్కడ సొంతిల్లు కొనేద్దామని మా బావగారు అప్పటికే బేరగాణ్ని పిలిపించారట.

ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో 'క్యాష్ బయ్యర్స్ ఓన్లీ' అని ఉంది. "రొక్కం ఇస్తే ఇంకా తగ్గిస్తారనా పిన్నీ?" అంది అమ్మలు.

కాదు తల్లీ. దాని మీద ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదని అర్థం. ఇరవై ఐదేళ్ల వాయిదాలు తీరేదాకా ఆ ఇల్లు అక్కడ నిలబడి ఉంటుందని బ్యాంకుకి నమ్మకం లేదు. కొత్తగా వెళ్లేవాళ్లందరూ మొట్టమొదట నేర్చుకోవాల్సిన ఇంగ్లిష్ మాట ఇదేనని నాకనిపిస్తుంది.

మర్నాడు అమ్మలుని గోపాల్‌పూర్ తీసుకెళ్లాను. లైట్‌హౌస్ కింద ఇసుకలో ఆ పాత రేవు గోడలు మొండిగా నిలబడి ఉంటాయి కదా, వాటి పక్కన కూర్చుని చెప్పాను. సముద్రం ఊరు తినడం మనకి కొత్త కాదు. ఋషికుల్యా మొగ దగ్గర పొడంపేట సంగతి గంజాంలో ఎవరిని అడిగినా చెబుతారు. పాత ఊళ్లో గోడలు, మెట్లు మిగిలాయి, జనం లోపలి కాలనీకి వెళ్లిపోయారు. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరం వైపు నడుస్తుంది. దారిలో ఎవరైనా రాళ్లకట్ట వేస్తే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. ఇది మన జాలరిపేటల్లో చదువుకోని ముసలాయన కూడా వేలితో ఇసుకలో గీసి చూపిస్తాడు.

నార్ఫోక్‌లోనూ అదే కథ, దిక్కు ఒక్కటే తేడా. హాపిస్‌బర్గ్ అని రాసి హేజ్‌బరా అని పలికే ఊరొకటుంది (ఆ దేశంలో ఊరి పేరు చదివి పలకొద్దు, విని పలకండి). అక్కణ్ణుంచి ఇసుక ఆగ్నేయంగా నడుస్తుంది. తీరంలో ఉన్నవి రాతికొండలు కావు, మెత్తటి మట్టీ ఇసుకా కలిసిన గట్లు. కింద అల కొడుతుంది, పైన వాన నానుస్తుంది, ఒక రాత్రి గట్టు ముక్క తెగి జారిపోతుంది. ఆ జారిన మట్టిలోని ఇసుకే పక్క ఊరి బీచ్ అవుతుంది. అందుకని ప్రతి ఊరికీ గోడ కడితే పక్క ఊరికి ఇసుక అందదు. ఈ ముక్క మనసుకెక్కితే కౌన్సిల్ వాళ్లు చెప్పే మిగతాదంతా అర్థమవుతుంది.

ఇంటికొచ్చాక బావగారు అసలు ప్రశ్న వేశారు. ఆయన బ్లాక్ ఆఫీసులో రిటైరయ్యారు. తుపాను వెళ్లిన ప్రతిసారీ చుడా (అటుకులు), గుడో (బెల్లం), పాలిథీన్ షీట్లు లెక్కపెట్టి పంచిన మనిషి. "అక్కడ మన బీడీవో లాంటివాడు ఎవరు? ఎవరి దగ్గరికెళ్లి అడగాలి?"

చిక్కంతా అక్కడే ఉంది బావగారూ అన్నాను. ఒక్కడు ఉండడు. నీరు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాన్ని బట్టి మనిషి మారతాడు. పెద్ద నదులూ, సముద్రపు వరదా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ చూస్తుంది. వాన నీరు రోడ్డు మీద నిలిచినా, చిన్న కాలువ పొంగినా, భూమిలోంచి ఊట ఎగదన్నినా కౌంటీ కౌన్సిల్‌ది. మన జిల్లా పరిషత్ అనుకోండి. 2007 ఎండాకాలంలో ఇంగ్లండ్ సగం మునిగింది, ఎవరి బాధ్యత ఏదో ఎవరికీ తెలియలేదు. దాని మీద విచారణ జరిగి 2010లో చట్టం తెచ్చి ఈ పని కౌంటీల నెత్తిన పెట్టారు. మురుగు పైపు పొంగితే నీళ్ల కంపెనీ. సముద్రం గట్టుని కోస్తుంటే మాత్రం డిస్ట్రిక్ట్ కౌన్సిల్, అంటే కౌంటీ కింద ఉండే చిన్న కౌన్సిల్, అది 1949 నాటి చట్టం. ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. తీరాన్ని కాపాడే అధికారం కౌన్సిల్‌కి ఇచ్చారు, కాపాడి తీరాలన్న విధి పెట్టలేదు. అంటే కట్టొచ్చు, కట్టకపోవచ్చు. మీ ఇల్లు పడిపోతే అడిగి పుచ్చుకునే నష్టపరిహారం లేదు. ఇల్లు కూల్చి శుభ్రం చేయడానికి 6,000 పౌండ్ల దాకా గ్రాంటు ఉంటుంది, అంతే.

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. "మన దగ్గర కనీసం పట్టా ఇచ్చి ఇల్లు కట్టిస్తామంటారు కదే," అన్నారు చివరికి. అంటారు. ఎప్పుడు కట్టిస్తారన్నది వేరే సంగతి.

కానీ అక్కడ ఒక మేలు ఉంది. ఏ తీరాన్ని వదిలేస్తారో ముందే రాసి పెడతారు. షోర్‌లైన్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్ తీరమంతా ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకి రాబోయే 20 ఏళ్లకి, 50 ఏళ్లకి, 100 ఏళ్లకి ఏం చేస్తారో నిర్ణయిస్తారు. నాలుగే నాలుగు తీర్పులు. ఇప్పుడున్న గట్టుని అలాగే నిలబెట్టడం, సముద్రంలోకి ముందుకు కట్టడం, ఒక పద్ధతిలో వెనక్కి జరగడం, ఏమీ చేయకపోవడం. ఆ నాలుగోదాన్ని 'నో యాక్టివ్ ఇంటర్వెన్షన్' అని మర్యాదగా రాస్తారు. కొనబోయే ఇంటి పక్కన ఆ మూడు మాటలు కనిపిస్తే ఫోన్ పెట్టేయండి. మొదటి 20 ఏళ్లకి నిలబెడతామని రాసి, తర్వాత వదిలేస్తామని రాసినవీ ఉంటాయి. మొదటి గడి చూసి సంబరపడకండి, మూడు గళ్లూ చదవండి. ఇదంతా ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన వాళ్లు ఇంటికి వాస్తు చూస్తారు, బడి రేటింగ్ చూస్తారు, ఇది మాత్రం చూడరు.

మరి డబ్బున్న దేశం కదా, కట్టేయొచ్చుగా? కడతారు, లెక్క కుదిరితే. పెట్టే ప్రతి పౌండుకీ ఎన్ని ఇళ్లు దక్కుతాయో చూసి ప్రభుత్వం కొంత ఇస్తుంది, మిగతాది స్థానికంగా పోగెయ్యాలి. బ్యాక్టన్ అనే ఊరి దగ్గర గట్టు మీద పెద్ద గ్యాస్ టెర్మినల్ ఉంది. అక్కడ 2019లో 18 లక్షల ఘనపు మీటర్ల ఇసుక సముద్రంలోంచి తోడి ఒడ్డున పోశారు. ఆ ఇసుక మెల్లగా కిందకి నడుస్తూ పక్క ఊరు వాల్కాట్‌నీ కాపాడుతుంది. గ్యాస్ కంపెనీ డబ్బు కలిసింది కాబట్టి లెక్క కుదిరింది. అక్కణ్ణుంచి ఇంకా ఆగ్నేయానికి, హెమ్స్‌బీ అనే ఊళ్లో ఇసుకదిబ్బల మీద ఇళ్లున్నాయి. 2013లో కొన్ని పడ్డాయి, 2018లో కొన్ని కూల్చారు, 2023లో మళ్లీ కూల్చారు. అక్కడ గ్యాస్ టెర్మినల్ లేదు. నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఇల్లు కొనే మనిషి న్యాయం కంటే ముందు లెక్క చూసుకోవాలి.

2013 అంటే గుర్తొచ్చింది. ఆ ఏడు దసరా రోజుల్లో, అక్టోబర్ 12న, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. నేను నార్ఫోక్ తీరంలో అద్దింట్లో కూర్చుని రాత్రంతా అక్కకి ఫోన్ కొడుతూనే ఉన్నాను, లైను కలవలేదు. మూడో రోజు కలిసింది. పైకప్పు రేకులు పోయాయి, మనుషులు క్షేమం. ఒడిశాలో ఆ సారి పది లక్షల మంది దాకా ముందే తరలించారు. 1999 సూపర్ సైక్లోన్ నేర్పిన పాఠం అది. పోలీసులు, అంగన్వాడీ వాళ్లు ఇంటింటికీ వచ్చి ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని షెల్టర్‌కి తీసుకెళ్లారు.

రెండు నెలలు కూడా కాలేదు. డిసెంబర్ 5న అక్కే నాకు ఫోన్ చేసింది, టీవీలో చూసి. ఉత్తర సముద్రంలో ఉప్పెన, 1953 తర్వాత అంత పెద్దది లేదు. 1953లో ఇంగ్లండ్‌లో 307 మంది పోయారు. పైనుంచి గాలి నీటిని తోసుకొస్తుంది. దక్షిణానికి వచ్చేసరికి ఆ సముద్రం గరాటులా ఇరుకవుతుంది, నీళ్లకి పైకి లేవడం తప్ప దారి ఉండదు. అదే సమయానికి పోటు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం మా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సివియర్ ఫ్లడ్ వార్నింగ్. అక్కడ మూడు మెట్లుంటాయి. అలర్ట్ అంటే సిద్ధంగా ఉండు, వార్నింగ్ అంటే పని మొదలుపెట్టు, సివియర్ అంటే ప్రాణానికి ముప్పు. ఆ మెసేజ్ నాకు రావడం కూడా అదృష్టమే. అక్టోబర్‌లోనే, ఫైలిన్ టెన్షన్‌లో ఉండగా, పక్కింటి ముసలావిడ నన్ను కూర్చోబెట్టి నంబర్ రిజిస్టర్ చేయించింది. మీరు ఏ ఊళ్లో దిగినా మొదటి వారమే ఆ పని చేసుకోండి. ఫోన్‌లోనే రిజిస్టర్ చేయించుకోవాలంటే ఫ్లడ్‌లైన్ నంబర్ 0345 988 1188. పోలీసు ఒకతను తలుపు కొట్టాడు, మర్యాదగా వెళ్లమన్నాడు, పక్క తలుపుకి వెళ్లిపోయాడు. చెయ్యి పట్టుకుని ఎవరూ ఎక్కించలేదు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, పిల్లాడి ఇన్‌హేలర్, అక్క పంపిన అప్పడాల డబ్బా ఒక సంచిలో వేసుకుని బడి హాల్లో పడుకున్నాం. అప్పడాలు ఎందుకు తెచ్చావని మా ఆయన ఇప్పటికీ వెక్కిరిస్తారు. మా వీధికి నీళ్లు రాలేదు. రెండు వీధుల అవతలికి వచ్చాయి.

ఆ భయంతో మరో కౌంటీకి, సముద్రానికి 60 మైళ్లు లోపలికి పోయి ఇల్లు కొన్నాం. మ్యాప్‌లో ఫ్లడ్ జోన్ 1, అంటే అన్నిటికన్నా భద్రం. జోన్ 3 అంటే నది నుంచి ఏటా నూటికి ఒక వంతో అంతకు మించో, సముద్రం నుంచైతే రెండొందలకి ఒక వంతో మునిగే అవకాశం ఉన్న చోటు. మేం గర్వంగా జోన్ 1 అని అందరికీ చెప్పుకున్నాం. ఆ జోన్లు నదికీ సముద్రానికీ మాత్రమేనని అప్పుడు తెలియదు. వాన నీటికి వేరే మ్యాప్ ఉంటుంది.

ఓ జూన్ సాయంత్రం గంటసేపు కుండపోత పడింది. వీధి మూలనున్న తూము ఆకులతో నిండి మూసుకుపోయింది. నీళ్లు రోడ్డు మీంచి మా గేటులోకి, గేటులోంచి మెట్టెక్కి వంటింట్లోకి. చీలమండ దాకా. ఎవరికి ఫోన్ చేస్తే వాళ్లు ఇంకొకరి పేరు చెప్పారు. రోడ్డు నీళ్లయితే వాళ్లు, మ్యాన్‌హోల్ పొంగితే వీళ్లు. మ్యాన్‌హోల్ పొంగిందో లేదో చీకట్లో నీళ్ల కింద నాకేం కనిపిస్తుంది? ఇసుక బస్తాలు అడిగితే ఇళ్లకి ఇవ్వం, మీరే కొనుక్కోవాలన్నారు. అప్పటి నుంచి గరాజ్‌లో ఆరు బస్తాలు ఉంచుతున్నాను.

కొన్ని నెలలకి కౌన్సిల్ విచారణ నివేదిక వచ్చింది. అలాంటి విచారణ, అవసరమనుకున్న మేరకు, 2010 చట్టం ప్రకారం వాళ్లు చేయాల్సిన పని, నివేదిక అందరికీ తెలిసేలా పెట్టాలి. మా వీధి పేరు ఉంది. తూము సంగతి ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది, వీధిలో ముందు తోటలు చాలావరకు రాళ్లు పరిచి గట్టి చేసేశారని. అందులో మాదీ ఒకటి. రెండు కార్లు పెట్టుకోవాలని గడ్డంతా తీయించి కాంక్రీటు పోయించింది మేమే. 2008 అక్టోబర్ నుంచి 5 చదరపు మీటర్లకి మించి నీరు ఇంకని గచ్చు ముందు తోటలో వేసి, ఆ నీటిని రోడ్డు మీదకి వదిలితే ప్లానింగ్ అనుమతి కావాలి. మాకు పోసిన మేస్త్రీ చెప్పలేదు, మేం అడగలేదు. తర్వాత సగం పగలగొట్టించి కంకర పరిపించాం. మీరు కొన్న ఇంటి వెనక చిన్న వాగు ఉంటే ఇంకో సంగతి. వాగులో సగం దాకా మీ బాధ్యతే, చెత్త తీయాల్సింది మీరే. కౌన్సిల్ వాళ్లు వచ్చి తీస్తారని ఎదురు చూడకండి.

బీమా గురించి రెండు మాటలు. వరద భయం ఉన్న ఇళ్లకి కూడా బీమా దొరికేలా 2016లో ఫ్లడ్ రీ అనే ఏర్పాటు పెట్టారు, 2039 దాకా ఉంటుంది. 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్లకి అది వర్తించదు. మన వాళ్లకి కొత్త ఇల్లంటే మోజు కాబట్టి ఇది గుర్తుంచుకోండి. ఇక సముద్రపు కోతకి మామూలు ఇంటి బీమాలో చోటుండదు. అద్దెకుండేవాళ్లు ఇల్లు ఓనరుది కదా మనకేంటి అనుకుంటారు. గోడలు ఓనరువి, టీవీ, పరుపులు, కంచి పట్టుచీరలు మీవి. కంటెంట్స్ బీమా చేయించుకోండి. కొనేటప్పుడు అమ్మేవాళ్లు నింపే ఫారంలో ఇల్లు ఎప్పుడైనా మునిగిందా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ జవాబు మీ లాయరు చేత మీకు చదివి వినిపించమనండి.

రాత్రి భోజనాలయ్యాక అమ్మలు మళ్లీ ఆ ఫోటో తీసింది. కిటికీ, సముద్రం, గడ్డి. గూగుల్ మ్యాప్‌లో పైనుంచి చూపించమన్నాను. ఇంటి ముందు గడ్డి, గడ్డి తర్వాత ఒక సన్నటి రోడ్డు, ఆ రోడ్డు కొంతదూరం వెళ్లి గట్టు అంచున ఠక్కున ఆగిపోయింది. అవతల నీళ్లు.

"ఈ రోడ్డు ఎక్కడికెళ్తుంది పిన్నీ?"

"ఇదివరకు ఇంకో వీధికి వెళ్లేదే."

బావగారు కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. తర్వాత లేచి వరండాలోకి వెళ్లి, రేపు రావొద్దని బేరగాడికి ఫోన్ చేశారు. మొదటి ఏడాది అద్దెకే ఉండమన్నాను. ఊరు పేరు కాదు, పోస్ట్‌కోడ్ పంపమన్నాను, ఒక్కో వీధికీ లెక్క మారుతుంది కాబట్టి. ఇప్పటికి నాలుగు పంపింది. మూడు వద్దన్నాను.