ఇటలీ గోల్ఫ్ ట్రిప్పా? ఒక్క చోటే దిగండి

మే నెలలో నలుగురు స్నేహితులం ఇటలీ వెళ్తున్నాం, పది రోజుల్లో రోమ్, టస్కనీ, వెనిస్, సిసిలీ తిరుగుతూ ఆరు గోల్ఫ్ కోర్సులు ఆడాలనుకుంటున్నాం, ప్లాన్ ఎలా ఉంది అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్తాను. ఈ ప్లాన్‌లో ఆడే టైమ్ కన్నా బ్యాగులు మోసే టైమే ఎక్కువ. ఆ నాలుగింట్లో ఏదో ఒకటే ఉంచుకోండి. నన్నడిగితే ఆ నాలుగూ వదిలేసి ఉత్తరాన కోమో సరస్సు ఒడ్డున ఒక ఊళ్లో గది తీసుకుని, రోజూ అక్కణ్ణుంచే ఆటకు వెళ్లి రండి.

ఊరు మారాల్సిన ప్రతిసారీ పొద్దున్నే గది ఖాళీ చేయాలి. నాలుగు గోల్ఫ్ బ్యాగులు, నాలుగు సూట్‌కేసులు కారెక్కించాలి, సాయంత్రం మళ్లీ దించాలి. ఆ రోజు ఆట పోయినట్టే. సిసిలీ అయితే ద్వీపం కాబట్టి మళ్లీ ఒక ఫ్లైట్, గోల్ఫ్ బ్యాగుకు చాలాసార్లు మళ్లీ విడిగా చార్జి. సిసిలీ బాగోదని కాదు. షాక్కా దగ్గర వెర్దూరా రిసార్ట్‌లో కైల్ ఫిలిప్స్ డిజైన్ చేసిన కోర్సు సముద్రం అంచునే సాగుతుంది. కానీ అక్కడికి వెళ్తే సెలవంతా అక్కడే ఉండాలి. చలికాలంలో ఉత్తరాది కొండ కోర్సులు మూసేసినప్పుడు సిసిలీని మించింది లేదు. మే నెలలో దాని అవసరం లేదు.

మాకూ హైదరాబాద్‌లో ఒక ట్రావెల్ ఏజెంట్ సరిగ్గా మీలాంటి ప్లానే తెచ్చాడు. "ఇంత దూరం వెళ్లి రోమ్ చూడకపోతే ఎలా సార్" అన్నాడు. మన ఏజెంట్లకు గోల్ఫ్ తెలియదు. నాలుగు పెద్ద ఊళ్ల పేర్లు రాసి, మధ్యలో "గోల్ఫ్" అని ఒక లైను పెట్టి, ప్యాకేజీ రేటు పెంచేస్తారు. ఏ క్లబ్బుకు ఏ రోజు సెలవో కూడా కనుక్కోరు. క్లబ్బులకు మీరే ఈమెయిల్ రాయండి, ఇంగ్లిష్‌లో రాసినా జవాబిస్తారు.

రోమ్ అనగానే అందరూ మార్కో సిమోనె కోర్సు అంటారు. యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ 2023లో అక్కడే జరిగింది, ఇటలీలో అదే మొదటిసారి. యూరప్ 16½–11½తో అమెరికాను ఓడించింది. టీవీలో చూసినవాళ్లకు నీళ్ల మీదుగా నేరుగా గ్రీన్‌కు (జెండా ఉండే నున్నటి పచ్చికకు) కొట్టే 16వ హోల్ గుర్తుండే ఉంటుంది. కానీ ఆ కోర్సంతా ఎత్తుపల్లాలే, నడిచి ఆడితే కాళ్లు పట్టేస్తాయి. రోమ్‌లో ఒక్కటే ఆడాల్సి వస్తే నేను ఆక్వాసాంతా ఎంచుకుంటాను. 1903లో పెట్టిన క్లబ్బు, ఇటలీలో అన్నిటికన్నా పాతది. పాత ఆప్పియా రోడ్డుకు దగ్గర్లో, రోమన్ల కాలపు నీటి కాలువల కమానులు కనిపించే చోట ఆడుకోవచ్చు.

ఇక నా మనసులో ఉన్న చోటు మెనాజ్జో. కోమో సరస్సు పడమటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పైన కొండ మీద మెనాజ్జో ఎ కాదెనాబ్బియా గోల్ఫ్ క్లబ్ ఉంది. అక్కడ సెలవులు గడిపే ఇంగ్లిష్‌వాళ్లు 1907లో మొదలుపెట్టారు. పార్ 70 (అంటే మంచి ఆటగాడు కోర్సంతా డెబ్బై షాట్లలో ముగించాలి), పొడవు తక్కువ. పొడవు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు ఆ కొండవాలే బుద్ధి చెప్తుంది.

నేను అక్కతో, బావగారితో వెళ్లాను. అక్క ఆడదు, టెర్రస్ మీద కాఫీ తాగుతూ కూర్చుంది. బావగారికి హైదరాబాద్‌లో బ్యాగు మోసే క్యాడీ లేకుండా ఒక్క హోల్ ఆడిన అలవాటు లేదు. ఇటలీలో మామూలుగా క్యాడీలు ఉండరు, మన బ్యాగు మనమే ట్రాలీ మీద లాక్కోవాలి. మొదటి టీ (హోల్‌లో తొలి షాట్ కొట్టే చోటు) దగ్గర, ఆటగాళ్లను వరుసగా పంపే స్టార్టర్ ఒక పెద్దాయనను తీసుకొచ్చి, మీతో కలిసి ఆడతారు అన్నాడు. క్లబ్బు మెంబరు, డెబ్బై దాటిన మనిషి. భుజాన చిన్న బ్యాగు, అందులో సగం సెట్టు కూడా లేదు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఆయన దూరాలు చెప్పలేదు. టీ మీద నిలబడి చేతిలోని గోల్ఫ్ కర్ర చాపి, జెండాకు బాగా ఎడమన ఉన్న ఒక చెట్టును చూపించారు. నేను దాని మీదికి కొట్టాను. బంతి ఎడమన పడి, వాలు వెంట తాపీగా దొర్లుతూ ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి) మధ్యకు వచ్చి ఆగింది. బావగారు "అంత ఎడమెందుకు?" అని జెండాకు సూటిగా కొట్టారు. మంచి షాటే, కానీ పడ్డచోటి నుంచి కుడికి జారి, చెట్లలోకి పోయింది. పెద్దాయన నవ్వలేదు, ఏమీ అనలేదు. వెళ్లి ఆ బంతి వెతికిపెట్టారు. తర్వాతి హోల్‌లో మళ్లీ కర్ర చాపారు. ఈసారి బావగారు ఆయన చూపించిన చోటికే కొట్టారు. ఆ తర్వాత కొట్టే ముందు ప్రతిసారీ ఆయన ముఖం వైపు చూడటమే.

ఆట అయ్యాక మర్యాదకు కాఫీ తాగి వెళ్లిపోదామనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టారు. అక్కకు పుట్టగొడుగుల రిసొట్టో చెప్పి, మాంసం కాచిన నీళ్లతో కాకుండా కూరగాయల నీళ్లతో వండమని ఆయనే వంటవాళ్లకు చెప్పి వచ్చారు. (శాకాహారులు ఇది తప్పక అడగాలి. పార్మెజాన్ చీజ్‌లో కూడా దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉంటే చీజ్ వద్దని ముందే చెప్పండి.) మాటల్లో ఇటాలియన్ గోల్ఫర్ కోస్తాంతీనో రోక్కా గురించి వచ్చింది. 1995 బ్రిటిష్ ఓపెన్, సెయింట్ ఆండ్రూస్ ఆఖరి హోల్. రోక్కా చిప్ (గ్రీన్ దగ్గర కొట్టే చిన్న షాట్) సరిగ్గా తగలక బంతి గ్రీన్ ముందున్న గుంటలోకి వెనక్కి జారింది. అక్కణ్ణుంచి అరవై అడుగుల పుట్ వేసి స్కోరు సమం చేశాడు, ప్లేఆఫ్‌లో జాన్ డేలీ చేతిలో ఓడిపోయాడు. 2018లో ఫ్రాంచెస్కో మోలినారి అదే టోర్నమెంట్ గెలిచాడు, మేజర్ (గోల్ఫ్‌లో అతిపెద్ద నాలుగు టోర్నమెంట్లలో ఒకటి) గెలిచిన మొదటి ఇటాలియన్ అతనే. అయినా ఆ పెద్దాయన కళ్లు మెరిసింది రోక్కా పేరుకే. ఎందుకంటే రోక్కా బెర్గమోలో క్యాడీగా పనిచేసి, ఫ్యాక్టరీలో కూలి చేసి పైకి వచ్చినవాడు. తర్వాత క్లబ్ లైబ్రరీ చూపించారు. గోల్ఫ్ మీదే వెయ్యికి పైగా పుస్తకాలు. బావగారు వాటి ముందు నుంచి కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. అయినా మన క్లబ్బుల్లో క్యాడీని "ఏయ్" అని పిలిచేవాళ్లను రోజూ చూస్తున్నాను. బంతి పోతే తిట్లు, టిప్పు దగ్గర బేరం. మీ బ్యాగు మీరే కొండ మీదికి లాక్కుని చూడండి, ఆ పని ఎంతటిదో ఒక్క రౌండ్‌లో తెలుస్తుంది. ఇటలీకి వెళ్లడానికి నా దృష్టిలో అదొక్కటే చాలినంత కారణం.

మీ ప్రశ్నకు వస్తే, కోమో చుట్టూ ఆడటానికి కొదవ లేదు. మోంతోర్ఫానోలో విల్లా దెస్తె కోర్సు 1926 నాటిది, పార్ 69. చెస్ట్‌నట్, పైన్, బర్చ్ చెట్ల మధ్య ఇరుకైన ఫెయిర్‌వేలు, దూరం కొట్టే డ్రైవర్ కర్ర తీయాలంటే భయమేస్తుంది. వరేజే గోల్ఫ్ క్లబ్‌హౌస్ అయితే ఒకప్పటి బెనెడిక్టైన్ మఠం. ఈ మూడింటికీ ఒక్కోదానికి ఒక రోజు, నచ్చినదానికి ఇంకో రోజు ఇవ్వండి. ఒకే కోర్సు రెండోసారి ఆడితేనే అది మనకు అర్థమవుతుంది. ఆటలేని రోజు పడవెక్కి బెల్లాజ్జో, వరెన్నా చూసి రండి. వరెన్నా నుంచి మిలాన్‌కు రైలుంది, ఊరు చూడాలన్న సరదా కూడా తీరుతుంది.

మీ క్లబ్బు నుంచి మీ ఆట స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకెళ్లండి. చాలా క్లబ్బులు అది చూడకుండా ఆడనివ్వవు, కొన్ని హ్యాండిక్యాప్‌కు పరిమితి కూడా పెడతాయి. శని, ఆదివారాల్లో మెంబర్ల పోటీలుంటాయి, ఆ రోజులు మీకు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరకడం కష్టం. సోమవారమో మంగళవారమో సెలవుండే క్లబ్బులు చాలా ఉన్నాయి. కాబట్టి బుధ, గురు, శుక్రవారాలు ఆటకు పెట్టుకోండి.

కారు విషయంలో ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేయాలి, నాలుగు బ్యాగులకు వెనక పొడవుగా ఉండే ఎస్టేట్ కారో వ్యానో కావాలి. మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా చేతిలో ఉండాలి. పాత ఊళ్ల మధ్యలో జెడ్‌టీఎల్ (వాహనాలకు పరిమితి ఉన్న ప్రాంతం) బోర్డు కనిపిస్తే లోపలికి పోనివ్వకండి. పర్మిట్ లేని కార్లను కెమెరా పట్టుకుంటుంది, జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది. కోమో నుంచి మెనాజ్జో వెళ్లే ఒడ్డు రోడ్డు చాలా ఇరుకు. ఎదురుగా బస్సొస్తే ఆగి దారివ్వాల్సిందే. టీ టైమ్‌కు గంట ముందుగా బయల్దేరండి, మధ్యాహ్నం తర్వాత ఇంకో పని పెట్టుకోకండి.