స్లీవ్ తర్వాత అన్నం, జుట్టు, జాకెట్టు

మీరు అడిగింది ఇదీ: బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయి మూడు నెలలైంది, రెండు ముద్దల అన్నం తిన్నా ఎదలో పట్టేసినట్టుంటోంది, ఒక్కోసారి వాంతి అవుతోంది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది, చేతుల కింద చర్మం వేలాడుతోంది. వచ్చే నెల ఒంగోల్లో మీ ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది. అక్కడ భోజనాల దగ్గర ఏం చేయాలి, ఇప్పుడు కొత్త జాకెట్లు కుట్టించుకోవచ్చా అన్నారు.

మాది కావలి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. నాకూ ఇదే సర్జరీ చెన్నైలో అయింది, మూడేళ్లు దాటింది. నేను డాక్టర్ని కాదు. నా ఒంటికి జరిగినవి, మా సర్జన్, డైటీషియన్ చెప్పినవి కలిపి రాస్తున్నా. జాకెట్ల సంగతి చివర్లో చెప్తా. ఆ విషయంలో మాత్రం నా మాటే వినండి.

ముందు అన్నం. స్లీవ్‌లో పొట్టలో సుమారు 75 నుంచి 80 శాతం తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే ఇప్పుడు మీకు ఆకలి పెద్దగా తెలియదు. పొట్ట మారింది గానీ చెయ్యి మారలేదు కదా, అదే ముద్ద, అదే వేగం. మన వైపు అన్నం నమిలేదెవరు? పప్పుచారు పోసుకుని జారుగా కలుపుకుంటే నోట్లోంచి నేరుగా లోపలికే. ఆ మెత్తటి ముద్ద జిగటగా గొట్టంలో కూర్చుంటుంది, కొత్తబియ్యం అయితే మరీను. దాని మీద ఒక గ్లాసు నీళ్లు తాగితే ఇక వాంతే.

చాలైందని ఈ కొత్త పొట్ట పాత పొట్టలాగా చెప్పదు. నాకు ముక్కు కారేది. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి తుమ్ము, కొందరికి రొమ్ము ఎముక కింద బిగపట్టినట్టు. ఆ గుర్తు రాగానే చేతిలో ఉన్న ముద్ద పళ్లెంలో పెట్టేయాలి. పారేయడానికి మనసొప్పక "ఈ ఒక్కటీ" అని మింగితే నోట్లో నురగలాంటి ఎంగిలి ఊరి, అరగంట నరకం. మీది ఏ గుర్తో ఒక వారం గమనించండి, తెలిసిపోతుంది.

ఇక పళ్లెంలో వరస తిరగేయండి. మనకు అన్నం ముందు, కూర నంజుకోవడానికి. మీకిప్పుడు గుడ్డో చేపో పప్పో ముందు, ఆ తర్వాత కూర, చోటు మిగిలితే చివర రెండు చెంచాల అన్నం. మిగలకపోతే ఆ పూటకు అన్నం లేనట్టే. అన్నం మానేస్తే నీరసం వస్తుందని మా అత్త గోల పెట్టేది. నీరసం తెచ్చేది అన్నం లేకపోవడం కాదు, ప్రొటీన్, నీళ్లు చాలకపోవడం.

ప్రొటీన్ రోజుకు 60 నుంచి 80 గ్రాములు పట్టించమంటారు. నాకు ఆస్పత్రిలో ఇచ్చిన డైట్ కాగితం చూస్తే నవ్వొచ్చింది. గ్రీక్ యోగర్ట్, కినోవా, ట్యూనా, బ్రకోలీ. కావలి బజార్లో అవి ఎక్కడ వెతకను? కాగితం మడిచి బీరువాలో పెట్టి, మా వంటింట్లో ఏముందో చూసుకున్నా. గుడ్డుకు 6 గ్రాముల దాకా ఉంటుంది, గ్లాసు పాలకు 6, 7. వండిన చేప 100 గ్రాములు తింటే 20 దాకా వస్తుంది. మీరు నీచు తింటారో లేదో రాయలేదు. తినేవాళ్లయితే సముద్రం పక్కన ఉండి మనం బాధపడాల్సిన పనే లేదు.

పొద్దున గుడ్డు పొరటు, నూనె తక్కువగా, మెత్తగా. గట్టిగా ఉడికించిన గుడ్డు నాకు చాలా నాళ్లు దిగలేదు, పొరటు మాత్రం తిన్న మొదటి రోజు నుంచే సాఫీగా దిగింది. మధ్యాహ్నం చేప. బొమ్మిడాయిలు మెత్తగా ఉంటాయి, నడుమ ఒక్క ముల్లు తీసేస్తే చాలు. సొరచేపతో చేసే సొరపుట్టు అయితే ఇంకా సుఖం, ఉడికించి పొడి చేసి ఉల్లిపాయతో వేయించేదే కాబట్టి నమలడం సగం ముందే అయిపోతుంది. వంజరం వేపుడు ఎండిపోయినట్టుంటుంది, దానికి ఇంకొన్నాళ్లు ఆగండి. రొయ్యలు, కోడిమాంసం కూడా అంతే, పీచుగా అడ్డం పడతాయి. కోడి తప్పదంటే కైమా కొట్టించి మెత్తగా ఉడికించుకోండి. నెల్లూరు చేపల పులుసు మానక్కర్లేదు. ముక్క తీసుకుని పులుసు వదిలేయండి. స్లీవ్ అయినవాళ్లకు పులితేన్పులు, గుండెలో మంట రావడం మామూలే. చింతపండు, మామిడికాయ, మీద తేలే కారపు నూనె కలిస్తే రాత్రంతా కూర్చునే ఉండాలి. (వేలితో ఒక్కసారి నాకితే ఎవరూ ఏమీ అనరు. నేను చేసేదీ అదే.) రాత్రి భోజనానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉంచండి.

నీచు తినకపోతే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. చిక్కటి పెసరపప్పు, గట్టి పెరుగు, పనీర్, మీల్‌మేకర్ నానబెట్టి పిండి సన్నగా తరిగి కూర, సాయంత్రం మెత్తగా ఉడికిన శనగ గుగ్గిళ్లు గుప్పెడు. అప్పటికీ చాలదు, ప్రొటీన్ పౌడర్ తప్పదు. తీపి పౌడర్ వాసనకే కడుపులో తిప్పితే, రుచి లేని రకం తెచ్చి ఉప్పు వేసిన మజ్జిగలో గిలకొట్టుకోండి. వేడివేడి పాలల్లో వేస్తే ఉండలు కడుతుంది.

నీళ్ల సంగతి. తినేటప్పుడు వద్దు, తిన్నాక అరగంట దాకా వద్దు. మిగతా సమయమంతా గుక్క గుక్క తాగుతూనే ఉండాలి, రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు. గటగటా తాగడమనేది ఇక లేదు. నేను సీసా మిషన్ పక్కనే పెట్టుకుంటా. జాకెట్టుకు ఒక చెయ్యి ఎక్కించి దారం తెంపగానే ఒక గుక్క, రెండో చెయ్యి ఎక్కించాక ఇంకో గుక్క. రోహిణి కార్తెలో మన ఎండలు మీకు చెప్పాలా? ఆకలి లేనట్టే దాహమూ తెలియదు కొందరికి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలనట్టే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ మంచిది. సోడాలు, కూల్‌డ్రింకులు వద్దు, గ్యాస్‌తో ఆ గొట్టం ఉబ్బి నొప్పి పెడుతుంది. చెరుకురసం, సుగంధి తేలిగ్గా దిగిపోతాయి, అదే వాటితో చిక్కు. పొట్ట నిండినట్టు ఉండదు, చక్కెర మాత్రం అంతా లోపలికే. తీపి ఒక్కసారిగా పడితే గుండె దడ, చెమటలు, విరేచనం అవుతాయి, డంపింగ్ అంటారు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో రకం బరువు తగ్గే సర్జరీ అయినవాళ్లకు ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ కొందరికి వస్తుంది. నాకు ఉలవపాడు మామిడిపండుతో వచ్చింది. ఇప్పుడు ఒక్క చెక్క, అదీ భోజనం అయ్యాక ఎప్పుడో.

మీ వాంతుల గురించి ఒక మాట. గబగబా తిన్నప్పుడే అవుతుంటే పైన చెప్పినవి చేస్తే తగ్గాలి. నెమ్మదిగా నమిలి తిన్నా రోజూ అవుతుంటే, లేదా నీళ్లు కూడా నిలవకపోతే, పెళ్లి అయ్యాక చూద్దాంలే అనుకోకండి, వెంటనే మీ సర్జన్‌కు ఫోన్ చేయండి. గొట్టం ఎక్కడన్నా ఇరుకైందేమో ఎండోస్కోపీ చేసి చూస్తారు. వరసగా వాంతులైతే థయమిన్ అనే బి1 విటమిన్ పడిపోతుంది, కాళ్లు తిమ్మిర్లెక్కడం, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనబడడం దాని గుర్తులు. అవి కనబడితే ఆలస్యం చేయకూడదు. కుడివైపు డొక్కలో పక్కటెముకల కింద పోటు వచ్చినా చెప్పండి. బరువు గబగబా తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, మీకు ఉర్సోడియాక్సికోలిక్ యాసిడ్ మాత్ర రాసి ఉంటే అందుకే.

విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. మల్టీవిటమిన్, బి12, డి, ఐరన్, కాల్షియం. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకండి, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియంలో సిట్రేట్ రకం అడగండి, కడుపులో ఆమ్లం తక్కువున్నా ఒంటికి పడుతుంది. షుగర్, బీపీ మాత్రలు ముందు నుంచీ ఉంటే డోసు తగ్గించాల్సి వస్తుంది, డాక్టర్ చేతే మార్పించుకోండి. ఇంకొకటి, మోకాళ్ల నొప్పని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ సూది ఎత్తుతాడు. కడుపు ఆపరేషన్ అయిందని ముందే చెప్పండి. అలాంటి నొప్పి మందులతో పుండ్లు పడే ప్రమాదం ఉంది, మామూలు నొప్పులకు పారాసెటమాల్ చాలు.

జుట్టు రాలడం మీకు సరిగ్గా సమయానికే మొదలైంది. సర్జరీ, బరువు పడిపోవడం, ఈ రెండింటి దెబ్బకు వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి మూడో నెల నుంచి ఊడతాయి. కొన్ని నెలలు రాలుతుంది, తర్వాత ఆగుతుంది, మళ్లీ వస్తుంది. నాకు నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు లేచి నిలబడినప్పుడు దువ్వెనకు లొంగక చిరాకు పడ్డాను గానీ లోపల సంతోషమే. ఎలాగూ రాలుతోంది కదా, తిరుపతిలో ఇచ్చేసి రమ్మంది మా అత్త. నూనెలకు, ఖరీదైన బయోటిన్ మాత్రలకు డబ్బు తగలేయకండి. ఆ డబ్బుతో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, డి, జింక్ పరీక్షలు చేయించుకోండి, తక్కువున్నది సరిదిద్దుకోండి. ఏడాది దాటినా ఆగకపోతే అప్పుడు వేరే కారణం చూడాలి.

చర్మం గురించి తీపి మాటలు చెప్పను. చాలా ఏళ్లు సాగిన చర్మం పూర్తిగా వెనక్కి పోదు. కండ పెరిగితే కొంత నిండుతుంది, లీటరు నీళ్ల సీసాలు చేతికొకటి పట్టుకుని ఎత్తి దించినా నయమే. ఎండాకాలం మడతల్లో చెమట నిలిచి ఎర్రగా ఒరుసుకుంటుంది. స్నానం అయ్యాక మెత్తటి నూలుగుడ్డతో తడి అద్ది, బాగా ఆరాకే బట్ట కట్టుకోండి. దురద, వాసన వస్తే ఫంగస్, చర్మం డాక్టర్‌కు చూపించండి. చర్మం తీయించే ఆపరేషన్ గురించి బరువు నిలకడగా ఆగాకే ఆలోచించాలి, దానికి ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. గర్భం కూడా 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, మీకు ఆ ఆలోచన ఉంటే గుర్తుంచుకోండి.

ఎవరూ చెప్పనివి ఇంకొన్ని. నేల మీద కూర్చుంటే ఎముకలు గుచ్చుకుంటాయి. సంక్రాంతి చలికి వణికిపోతారు. గాజులు చేతిలోంచి వాటంతటవే జారతాయి, ఉంగరాలు తీసి దాచుకోండి. కాటా రెండు మూడు వారాలు కదలదు, ఆ వారాల్లోనే మనిషికి టెన్షన్. అందుకే నేను వారానికి ఒక్కసారే ఎక్కుతా.

పెళ్లి. ఒంగోల్లో మీ కోసం ఎదురుచూసేది భోజనం ఒక్కటే కాదు, చుట్టాలు. "ఏంటమ్మా ఇలా పీక్కుపోయావు, షుగరా?" అని మొదలై గుసగుసల్లో ఏ జబ్బు దాకా వెళ్తుందో చెప్పలేం. బరువు తగ్గడానికి ఆపరేషన్ అని చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. "కడుపు ఆపరేషన్ అయింది, డాక్టర్ కొంచెం కొంచెం తినమన్నాడు" అనండి, అబద్ధం కాదు. మన వాళ్లకు "వద్దు" వినబడదు గానీ "డాక్టర్" వినబడుతుంది. బయల్దేరే ముందే గుడ్డో పెరుగో తినేసి వెళ్లండి. బంతిలో చివర కూర్చోండి, విస్తట్లో అన్నం వడ్డించే మనిషి రాకముందే పప్పు, కూర, పెరుగు వేయించుకోండి. మైసూర్‌పాక్ చేతిలో పెట్టి నిలబడతారు. ఒక ముక్క కొరికి మిగతాది పక్కనున్న పిల్లాడికివ్వండి. మీ ఆయనకో తోడికోడలికో ముందే చెప్పి పెట్టండి, బలవంతం చేసే మనిషిని మాటల్లో పెట్టడానికి ఒకరుండాలి.

ఇప్పుడు జాకెట్లు. కొత్తవి ఒక్కటంటే ఒక్కటే కుట్టించండి, అదీ పెళ్లికి నాలుగైదు రోజుల ముందు కొలత తీసి. ఆది జాకెట్టు ఇచ్చి పంపకండి, పాత ఆది ఇప్పుడు మీది కాదు. టేపు పెట్టే కొలవమనండి. ఒళ్లు ఒకే తీరుగా తగ్గదు. ముందు రొమ్ము, వీపు తగ్గుతాయి, చేతి చుట్టు మాత్రం చర్మం వల్ల అలాగే ఉంటుంది, అందుకే భుజాల దగ్గర జారుతూ చంకలో బిగుతుగా ఉంటుంది. చేతులు మోచేతి దాకా పెట్టించుకుంటే వేలాడే చర్మం లోపల సర్దుకుంటుంది. పాత పట్టు జాకెట్లను కత్తిరించనివ్వకండి. రెండు పక్కలా లోపల పెద్ద కుట్టు పట్టించి, గుడ్డ అలాగే వదిలేయమనండి. ఏడాది తర్వాత బరువు ఆగాక మామూలుగా కొంత బరువు మళ్లీ వస్తుంది, అప్పుడు ఆ కుట్టు విప్పుకోవచ్చు. మా వైపు టైలర్లు "ఎందుకక్కా, ఎక్స్‌ట్రా గుడ్డ లావుగా కనబడుతుంది" అని కోసేస్తారు, దగ్గర నిలబడి చేయించుకోండి. హుక్కులు రెండు వరసలు వేయించండి, పెళ్లి రోజుకు ఇంకో అంగుళం తగ్గినా పిన్నీసు అవసరం ఉండదు.