అట్లాస్‌ని నమ్మి దొరికిపోయారు

ప్రశ్న: యుద్ధ ఖైదీలు క్యాంపు నుంచి పారిపోవడం హాలీవుడ్ సినిమాల్లో చూస్తుంటాం. మన సైనికులెవరైనా నిజంగా అలా చేశారా? - ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: చేశారండీ, దాదాపు గెలిచారు కూడా. 1971 యుద్ధంలో విమానాలు కూలి పాకిస్తాన్‌కు చిక్కిన మన పైలట్లను రావల్పిండిలో ఉంచారు. డిసెంబరులోనే యుద్ధం ముగిసినా నెలల తరబడి విడుదల ఊసే లేదు. దాంతో దిలీప్ పారుల్కర్, గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ కలిసి గోడకు కన్నం పెట్టి (అవును, మన దొంగల పద్ధతే!) 1972 ఆగస్టు 12 అర్ధరాత్రి దాటాక బయటపడ్డారు. భారత్ వైపు వస్తే వెతికి పట్టుకుంటారని, దానికి వ్యతిరేక దిశలో అఫ్గానిస్తాన్ దారి పట్టి బస్సులో పెషావర్, అక్కడి నుంచి లండీ కోటల్ చేరారు. సరిహద్దు ఇంకో కొద్ది కిలోమీటర్లే.

అక్కడే దెబ్బ తగిలింది. పాత అట్లాస్‌లో చూసిన లండీ ఖానా స్టేషన్‌కి దారేదని అడిగారు. ఆ స్టేషన్‌ని బ్రిటిష్‌వాళ్లు 1932లోనే మూసేశారు! నలభై ఏళ్లుగా లేని స్టేషన్ గురించి అడిగితే ఎవరికైనా అనుమానం రాదూ? తహసీల్దారు దగ్గరికి లాక్కెళ్లారు. పారుల్కర్ తెలివిగా, గతంలో తమ క్యాంపు బాధ్యతలు చూసిన ఉస్మాన్ హమీద్ అనే పాకిస్తానీ అధికారికి ఫోన్ చేయించుకోబట్టి ప్రాణాలు దక్కాయి. ఆయన మంచివాడు, ఆ ఒక్క ఫోన్ లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవాలంటేనే టెన్షన్. చివరికి 1972 డిసెంబరు 1న అందరినీ విడిచిపెడితే వాఘా మీదుగా ఇల్లు చేరారు.